37వ ఫొటో: ఒక పల్లెటూరి గ్లామర్ మోడల్ కేస్ స్టడీ

విశాఖపట్నంలో పదహారేళ్ళుగా ఫొటోలు తీస్తున్నాను. పెళ్ళిళ్ళు తగ్గించుకుని, ఇప్పుడు ఎక్కువగా చీరల షాపులకీ, కొత్తగా మోడలింగ్‌లోకి వచ్చే పిల్లల పోర్ట్‌ఫోలియోలకీ పనిచేస్తున్నాను. ఒక పల్లెటూరి మోడల్ ఫొటో ఆమెకి తెలియకుండా ఎక్కడెక్కడికో పోయిన కేసు ఇది. దీన్ని మొదటి నుంచి చివరిదాకా రాయమని నన్ను అడిగింది ఆ మోడలే. "అక్కా, నా తర్వాత వచ్చేవాళ్ళకి పనికొస్తుంది. పేరు మాత్రం వద్దు, మా ఊళ్ళో నా పేరు ఇప్పటికే సరిపడా ఉంది" అంది. రాసింది చదివి రెండు చోట్ల సరిచేసింది కూడా. అందుకే ఇందులో ఎవరి పేర్లూ లేవు.

ఇందులో నవ్వొచ్చే సంగతులు చాలా ఉన్నాయి. మేమూ కడుపుబ్బ నవ్వాం. కానీ నవ్వొచ్చిన ప్రతి చోటా వెనక్కి వెళ్ళి చూస్తే, నేను రాయించుకోవాల్సిన కాగితం ఒకటి రాయించుకోకపోవడమే కనిపించింది. ఈ పనిలో ఉన్నవాళ్ళకి నేను చెప్పాలనుకున్నది అదే.

ఎవరీ అమ్మాయి

చోడవరం దాటి లోపలికి వెళ్తే చెరకు తోటల మధ్య ఉన్న ఊరు. అప్పటికి అనకాపల్లి జిల్లా విడిగా ఏర్పడి మూడు నెలలు కూడా కాలేదు, వాళ్ళు ఇంకా "మాది విశాఖ జిల్లా" అనే చెప్పేవారు. తండ్రికి కాస్త చెరకు, కాస్త వరి. తల్లి జాకెట్లు కుడుతుంది. అమ్మాయికి 22 ఏళ్ళు, డిగ్రీ అయిపోయింది. ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు, చామనఛాయ, నవ్వితే ఎడమ పక్క ఒక ఎత్తుపన్ను కనిపిస్తుంది.

మోడలింగ్‌లోకి ఆమె వచ్చిన దారి జాకెట్ల దారి. తల్లి కుట్టిన జాకెట్టు వేసుకుని, వీపు మీద డిజైన్ కనిపించేలా అటు తిరిగి నిలబడి, తమ్ముడి చేత ఫొటో తీయించి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేది. ఆర్డర్లు పెరిగాయి. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళ ఆడవాళ్ళు ఆమెను ముఖం చూసి కాదు, వీపు చూసి గుర్తుపట్టేవాళ్ళు. ఒకసారి చోడవరం బస్టాండ్‌లో ముందు నిలబడ్డ పెద్దావిడ వెనక్కి తిరిగి ఆమె ముఖం చూసి పట్టించుకోలేదట. ఈమె బస్సెక్కడానికి అటు తిరగ్గానే "ఓలమ్మా, నువ్వేనేటే!" అందట.

ఆ స్టేటస్‌లు చూసే ఒక చీరల షాపు యజమాని ఆమెను అడిగాడు. షాపు ఆయనది, ఫొటోలు నేను తియ్యాలి, మోడల్ ఆమె. ఆషాఢం డిస్కౌంట్లకి ముందే ఫ్లెక్సీలు కట్టాలి. మన దగ్గర చీరల వ్యాపారానికి ఆషాఢం, శ్రావణం, దసరా, సంక్రాంతి ఈ నాలుగూ పెద్ద సీజన్లు. షాపులవాళ్ళు ఒక్కో సీజన్‌కి నెల ముందు నుంచి మోడళ్ళ కోసం వెతుకుతారు. ర్యాంప్ మీద నడవడానికి ఐదడుగుల ఏడంగుళాలు అడుగుతారు గానీ, చీర ఫొటోకి అంత ఎత్తు అక్కర్లేదు. కుచ్చిళ్ళు నిలబడే నడుము, విప్పారిన భుజాలు, చేతులు ఎక్కడ పెట్టాలో తెలియడం చాలు. చిన్న ఊళ్ళ నుంచి వచ్చే పిల్లలకి ఈ మాట నేను మొదటి రోజే చెప్తాను, ఎందుకంటే చాలామంది ఎత్తు చూసుకునే వెనక్కి వెళ్ళిపోతారు.

గ్లామర్ అనే మాట ఆమే తెచ్చింది. వాళ్ళ ఊరి లెక్కలో చేతుల్లేని జాకెట్టు వేసుకుని బీచ్‌లో ఫొటో దిగితే గ్లామర్ మోడల్. ఆ మాట ఆమెకి ఇష్టం. "అవును, నేను గ్లామర్ మోడల్‌నే" అని సూటిగా చెప్పేది.

నా దగ్గరకు వచ్చేటప్పుడు ఒక రూళ్ళ నోటు పుస్తకం తెచ్చింది. ఒక పేజీలో మధ్యకి గీత గీసి, ఒక పక్క "వేస్తాను", ఇంకో పక్క "వెయ్యను" అని రాసుకుంది. చేతుల్లేని జాకెట్టు వేస్తాను. వీపు జాకెట్టు అమ్మ కుట్టినదైతే వేస్తాను. ఎర్ర లిప్‌స్టిక్ వేస్తాను. తడి చీర వెయ్యను. సిగరెట్ పట్టుకోను, ఉత్తుత్తిదైనా. పాముతో దిగను. పాము ఎందుకమ్మా అని అడిగితే, "ఎవరైనా అడుగుతారేమో అక్కా, ముందే రాసి పెట్టుకున్నాను" అంది.

పెద్ద ఊళ్ళ నుంచి వచ్చిన మోడళ్ళు కూడా ఇంత స్పష్టంగా రాసుకుని రావడం నేను చూడలేదు. షూటింగ్ మధ్యలో "ఇది కూడా వేసుకో, ఏం కాదు" అని ఎవరైనా అన్నప్పుడు ఆ వయసు పిల్లకి నోట మాట రాదు. ముందే రాసుకున్న కాగితం ఆమె తరఫున మాట్లాడుతుంది. ఆ పేజీకి ఫొటో తీసి నా ఫోన్‌లో పెట్టుకున్నాను. అంత చేసి, ఏ బట్టలు వేస్తుందో రాసుకున్నాం గానీ ఆ ఫొటోలు ఎక్కడికి పోతాయో రాసుకోలేదు. నా తప్పు అక్కడే మొదలైంది.

రుషికొండలో పొద్దున్న

విశాఖలో బీచ్ ఫొటో అంటే పొద్దున్నే తియ్యాలి. మన సముద్రం తూర్పున ఉంది, సూర్యుడు నీళ్ళలోంచి లేస్తాడు, సాయంత్రం ఊరి వెనక కొండల వైపు దిగుతాడు. జూన్‌లో ఐదున్నర లోపే తెల్లవారుతుంది. ఏడు దాటితే ఎండ నెత్తికెక్కి కళ్ళ కింద నీడలు పడతాయి, ఉక్కకి మేకప్ జారిపోతుంది. అందుకని ముందు రోజు రాత్రే ఆమె, వాళ్ళ అమ్మమ్మ మా ఇంట్లో పడుకున్నారు.

షాపు యజమానికి రెండు కోరికలు ఉండేవి. సముద్రంలో సూర్యుడు మునుగుతూ వెనక ఉండాలి, పైనుంచి డ్రోన్‌తో ఒక షాట్ కావాలి. మొదటిది ఈ ఊళ్ళో కుదరదని, మునిగే సూర్యుడు కావాలంటే పడమటి తీరానికి పోవాలని చెప్పాను. రెండోది, తూర్పు నౌకాదళం ఉన్న ఊళ్ళో డ్రోన్ ఎగరేస్తే ఫొటో సంగతి తర్వాత, ముందు మనం స్టేషన్‌లో కూర్చుంటామని చెప్పాను. ఆయన అర్థం చేసుకున్నారు. కానీ మునిగే సూర్యుడి మీద ఆశ వదులుకోలేదు. అది తర్వాత ఫ్లెక్సీలో తేలింది.

అమ్మమ్మకి డెబ్భై దాటాయి. నల్ల గొడుగు, టిఫిన్ క్యారేజీ, మనవరాలి కోసం ఒక తువ్వాలు. చేతుల్లేని జాకెట్టు గురించి ఒక్క మాట కూడా అనలేదు. ఆమె షరతు ఒక్కటే. పిల్లకి నీటి గండం ఉందని ఎవరో చెప్పారట, కాబట్టి పాదం తడవకూడదు. అలలు ఎంతవరకు వస్తాయో చూసి, ఇసుకలో గొడుగు కొనతో గీత గీసి, దాని వెనకే నిలబడమంది. షూటింగ్ అంతా ఆ గీత వెనకే జరిగింది.

నేను చూసినవాళ్ళలో ఇంత సులువుగా కెమెరాకి అలవాటు పడ్డ పిల్ల తక్కువ. ఏళ్ళ తరబడి వీపు చూపించి నిలబడ్డం వల్ల మెడ, భుజాలు వాటంతట అవే సర్దుకునేవి. ముందుకు తిప్పితేనే బిగుసుకుపోయేది. నోరు మూసుకునే నవ్వేది, ఎత్తుపన్ను కనపడకూడదని. నేను ఏం చెప్పినా ఆ పెదవులు విడలేదు.

అప్పుడు గాలి లేచింది. వెలుగుని ముఖం మీదికి తిప్పే రిఫ్లెక్టర్‌ని మా అసిస్టెంట్ రెండు చేతులా పట్టుకున్నాడు. అమ్మమ్మ గొడుగు మాత్రం ఒక్కసారి పైకి తిరగబడి ఆమెను రెండడుగులు లాక్కుపోయింది. ఆమె గొడుగు వదల్లేదు, కేకా వదల్లేదు. అది చూసి పిల్ల పగలబడి నవ్వింది. నా వేలు అప్పటికే మీట మీద ఉంది. ఆ ఫొటోలో ఆమె తల కాస్త వెనక్కి వాలింది, కళ్ళు సగం మూసుకుపోయాయి, ఎత్తుపన్ను మీద పొద్దుటి వెలుగు పడింది, చీర కుచ్చిళ్ళు గాలికి ఒక పక్కకి లేచాయి. ఫ్రేమ్‌లో ఎడమ పక్క కింద మూల, గొడుగు అంచు నల్లటి వంపులా వచ్చింది. ఎడిటింగ్‌లో అది తీసేద్దామనుకుని వదిలేశాను. ఎంచిన ఫొటోల్లో దాని నంబరు 37.

ఆమెకి ఆ రోజుకి 2,500 రూపాయలు, బస్సు చార్జీలు. నేను షాపుకిచ్చిన బిల్లు మీద రాసింది ఒక్క లైను: "ఫొటో షూట్, ఒక రోజు." ఎంచిన 140 ఫొటోలూ పూర్తి సైజులో పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇచ్చేశాను.

చోడవరంలో నీలం అమ్మాయి

ఫ్లెక్సీ కట్టిన రోజు ఇంటిల్లిపాదీ ఆటోలో వెళ్ళి చూశారు. చూసి చాలాసేపు ఎవరూ మాట్లాడలేదట. ఫ్లెక్సీ మీద ఉన్న అమ్మాయి తెల్లగా, కాస్త గులాబీ రంగులో ఉంది. డిజైన్ చేసిన డీటీపీ కుర్రాడు చామనఛాయని అంతా తుడిచేశాడు. వెనక ఎక్కడి నుంచో తెచ్చిన సముద్రంలో నారింజ రంగు సూర్యుడు మునుగుతున్నాడు, ముఖం మీద మాత్రం ఎదుటి నుంచి పొద్దుటి ఎండ పడుతోంది. ఆమె ఫ్లెక్సీ కిందే నిలబడితే, పక్కన బడ్డీ కొట్టాయన పైకి చూసి, ఆమెను చూసి, "మీ అక్కా?" అని అడిగాడు.

అమ్మమ్మ బాధ వేరే. షాపు ఫోన్ నంబరు వైపు ఆమె చూస్తున్నట్టు ఉండాలని కుర్రాడు ఫొటోని అద్దంలో బొమ్మలా తిప్పేశాడు. దాంతో పైట కుడి భుజం మీదికి వచ్చింది. అమ్మమ్మ అక్కడి నుంచే నాకు ఫోన్ చేయించింది. "ఏటమ్మా ఇది? మా పిల్లకి పైట కుడేపు ఏసినారేటి? జాకెట్టుకి సేతుల్లేకపోతే నానూరుకున్నాను. పైట అటేస్తే ఎలాగమ్మా?" ఆ కోపం ముమ్మాటికీ న్యాయమైనది. చీరల షాపు ఫ్లెక్సీ మీదే పైట తప్పు భుజాన ఉంటే, చీర కట్టు తెలిసిన ఏ ఆడమనిషికైనా చూడగానే ఎక్కడో తేడా కొడుతుంది. అప్పటి నుంచి నేనిచ్చే ప్రతి ఫొటోతోనూ "తిప్పరాదు" అని రాసి ఇస్తున్నాను.

రెండు నెలల ఎండకి ఫ్లెక్సీ రంగు దిగింది. ఈ సిరాల్లో పసుపు, గులాబీ రంగులు ముందు వెలిసిపోతాయి, నీలం, నలుపు ఎక్కువ కాలం ఉంటాయి. మొదట తెల్లబడ్డ అమ్మాయి శ్రావణం వెళ్ళేసరికి నీలంగా మారింది. పిల్లలు "నీలక్కా" అని పిలవడం మొదలుపెట్టారు. ఆమె పలికేది.

2022 ఆగస్టు 26న విశాఖ బీచ్ శుభ్రం చేసే కార్యక్రమానికి వచ్చిన అప్పటి ముఖ్యమంత్రి, రాష్ట్రంలో ప్లాస్టిక్ ఫ్లెక్సీలు నిషేధిస్తామని ప్రకటించారు. షాపు యజమాని ముందు జాగ్రత్తగా తన ఫ్లెక్సీలన్నీ దింపించి, అడిగినవాళ్ళకి ఇచ్చేశారు. పల్లెల్లో పాత ఫ్లెక్సీకి ఉన్నంత గిరాకీ కొత్తదానికి లేదు. వాన పడితే గడ్డివాము మీద కప్పుతారు, పశువుల సాలకి తెరలా కడతారు, కళ్ళంలో ధాన్యం కింద పరుస్తారు. కొన్ని వారాల్లో ఆమె ముఖం ఊరి చుట్టూ చేరింది. వాళ్ళ పెద్దనాన్న గారి గేదె పొద్దున్న లేవగానే చూసేది ఆమెనే. వాళ్ళ అమ్మ అలాంటిదే ఒకటి తెచ్చుకుని దాని మీద చింతపండు ఎండబెట్టింది, ముఖం ఉన్న వైపు కిందకి వేసి. కూతురి ముఖం మీద పులుపు పెట్టడానికి చెయ్యి రాలేదని చెప్పింది.

ఇక్కడిదాకా జరిగినవాటిలో ఎవరి దురుద్దేశమూ లేదు. తర్వాత వచ్చిన వాటి సంగతి అలా కాదు.

గొడుగు అంచు

అక్టోబరులో ఆమె నాకు ఒక పాంప్లెట్ ఫొటో పంపింది. ఒక పళ్ళ డాక్టరు క్లినిక్‌ది, "చికిత్స తర్వాత" అని కింద రాసి ఉంది. నవ్వు ఆమెదే, 37వ ఫొటో. ఎత్తుపన్ను మాత్రం లేదు, కంప్యూటర్లో వరస చేసేశారు. గొడుగు అంచు తుడిచేశారు గానీ, చీర అంచు మీద పడ్డ దాని నీడని మర్చిపోయారు. అది చూసే నేను ఫొటో నంబరు చెప్పగలిగాను. అమ్మమ్మ ఆ పాంప్లెట్‌ని చాలాసేపు వెలుగులో పెట్టి చూసి, "ఆ పన్ను మా అమ్మది, నాది, దీని తల్లిది. ఎవడు పీకినాడు?" అంది.

తర్వాత వరసగా వచ్చాయి. ఒక బోరు లారీ వెనక తలుపు మీద. ఒక ఎరువుల కొట్టు కేలండర్ మీద. తర్వాత బరువు తగ్గే పొడి కరపత్రం మీద. దాంట్లో "ముందు", "తర్వాత" అని రెండు బొమ్మలున్నాయి, రెండూ 37వ ఫొటోనే. "ముందు" అన్నదాన్ని అడ్డంగా సాగదీశారు. ఆమెతో పాటు గొడుగు అంచు కూడా సాగి లావెక్కింది. "తర్వాత" అన్నదాన్ని ఉన్నదున్నట్టు పెట్టారు. మొదట చూసినప్పుడు ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగాక ఆమె అడిగింది: "అక్కా, ఇది తిని ఎవరికైనా ఏమైనా అయితే నన్నంటారా?" నాకు నోట మాట రాలేదు.

అన్నిటికన్నా పెద్దది దీపావళి తర్వాత జరిగింది. పెద్దనాన్న కొడుక్కి సంబంధాలు చూస్తున్నారు. పెళ్ళిళ్ళ మధ్యవర్తి ఒకాయన ఇంటికొచ్చి నాలుగు ఫొటోలు వరసగా పెట్టాడు. మూడోది చూపించి, అమ్మాయి ఎంటెక్, గోదావరి జిల్లా, కట్నం దగ్గర ఇబ్బంది లేదు అన్నాడు. పెళ్ళికొడుకు ఫొటో చేతిలోకి తీసుకుని, "అమ్మాయి బాగానే ఉంది గానీ, ఎందుకో మా చెల్లెలిలా అనిపిస్తోంది" అన్నాడు. ఆ చెల్లెలు అదే సమయానికి టీ గ్లాసుల పళ్ళెంతో లోపలికి వచ్చింది. ఫొటో మూలలో నల్లటి గొడుగు అంచు ఉంది. అమ్మమ్మ దాని మీద వేలు పెట్టి, "ఇది నా గొడుగు" అంది. మధ్యవర్తి టీ తాగకుండానే లేచాడు.

ఆ కథ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. కానీ ఆ రాత్రి ఆమె నాకు ఫోన్ చేసి ఏడ్చింది. "ఇంకెన్ని ఇళ్ళలో నా ఫొటో అలా పెట్టి ఉంటాడక్కా? ఎవరెవరు చూసి వద్దనుకుని ఉంటారు?" అంది. నేనిప్పుడు ఈ కేసు చెప్పేటప్పుడు ఆ మాట ఎప్పుడూ వదలను. తాను అడగని పరీక్షలో, తనకు తెలియని ఇళ్ళలో, ఎవరో తనకి మార్కులు వేసి ఉంటారన్నది ఆమె బాధ.

తప్పు ఎక్కడ జరిగింది

దారి వెతకడం కష్టం కాలేదు. అన్ని ఫొటోలూ ఒకే డీటీపీ సెంటర్ నుంచి వెళ్ళాయి. చీరల షాపు ఫ్లెక్సీ చేసిన కుర్రాడి దగ్గర నా పెన్‌డ్రైవ్ కాపీ ఉండిపోయింది. అతని కంప్యూటర్లో "అమ్మాయి చీర" అని ఒక ఫోల్డర్. ఎవరైనా వచ్చి "ఒక అమ్మాయి బొమ్మ పెట్టు తమ్ముడూ" అంటే అది తెరిచేవాడు. నవ్వు బాగుందని అందరూ 37నే ఎంచుకునేవారు. ఫొటోకని అతను విడిగా పైసా తీసుకోలేదు. పూల బొమ్మ, దీపం బొమ్మ వాడినట్టే వాడాడు. మేము వెళ్ళినప్పుడు ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. "మీరు నిజంగా ఉన్నారా మేడమ్?" అన్నాడు. ఇన్నాళ్ళూ ఆ ఫొటోని అతను ఒక మనిషిగా అనుకోలేదు. వాడు చెడ్డవాడు కాదు. ఆ మనిషి ఉందని, ఆమెకి హక్కులున్నాయని అతనికి చెప్పాల్సినదాన్ని నేను, చెప్పలేదు.

చట్టం దగ్గర నాకున్న ఒక భ్రమ కూడా అప్పుడే పోయింది. నేను తీసిన ఫొటో నాదే అనుకునేదాన్ని. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే మొదటి హక్కుదారు. అంటే ఆ 140 ఫొటోల కాపీరైట్ చీరల షాపుది. నాది కాదు, డీటీపీ కుర్రాడిది అంతకన్నా కాదు. ఇక హక్కులు రాసిచ్చే కాగితంలో కాలం రాయకపోతే ఐదేళ్ళు అనీ, ప్రాంతం రాయకపోతే దేశమంతా అనీ 19వ సెక్షన్ చెప్తుంది. రెండు లైన్లు రాయడానికి బద్ధకిస్తే ఐదేళ్ళూ ఒక దేశమూ పోతాయి.

కాపీరైట్ షాపుదైనంత మాత్రాన ముఖం షాపుది కాదు. ఒక మనిషి పేరుని గానీ రూపాన్ని గానీ ఆ మనిషి ఒప్పుకోలు లేకుండా ప్రకటనలకి వాడితే అది గోప్యత హక్కుని ఉల్లంఘించినట్టేనని సుప్రీంకోర్టు 1994లో ఆర్. రాజగోపాల్ కేసులో చెప్పింది. నాకు తెలిసిన ఫొటోగ్రాఫర్లలో ఈ రెండిటికీ తేడా తెలిసినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. ఫొటో ఒక ఆస్తి, ముఖం ఇంకొకటి. రెండిటికీ రెండు సంతకాలు కావాలి.

పొడి విషయంలో ఆమె అడిగిన ప్రశ్నకి జవాబు కూడా వెతికాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనలో వస్తువుని మెచ్చుకున్నవాళ్ళకి కూడా మొదటిసారి పది లక్షల రూపాయల దాకా జరిమానా, ఏడాది దాకా ప్రకటనలు చేయకుండా నిషేధం పడొచ్చు. ముందే విచారించుకుని జాగ్రత్తపడ్డవాళ్ళకి మినహాయింపు ఉంది. ఈమె అసలు ఒప్పుకోనే లేదు, కానీ ఒప్పుకోలేదని చూపించే కాగితం ఒక్కటీ మా దగ్గర లేదు. ఊబకాయం తగ్గిస్తామనే మందుల ప్రకటనలు 1954 నాటి మందుల, మాంత్రిక చికిత్సల ప్రకటనల చట్టం కిందకి వస్తాయి. అది మాకు పనికొచ్చింది.

చేసిన పని

ముందు చీరల షాపు యజమాని దగ్గరకి వెళ్ళాం. ఆయనకి కోపం వచ్చింది, మా మీద కాదు. "నేను డబ్బు పెట్టి తీయిస్తే నా మోడల్‌ని బోరు లారీకి ఎక్కిస్తారా?" అన్నారు. ఆయనే హక్కుదారు కాబట్టి, ఈ ఫొటోలు వాడుకోవడానికి ఎవరికీ అనుమతి ఇవ్వలేదని ఆయన చేత లెటర్‌హెడ్ మీద రాయించుకున్నాం. నన్ను ఇరికించిన 17వ సెక్షనే ఆ విధంగా అక్కరకొచ్చింది. ఆమె విడిగా, తన రూపం వాడడానికి తాను ఒప్పుకోలేదని రాసింది. రెండు ఉత్తరాలూ తెలుగులోనే. బెదిరింపు లేదు, ఏ తేదీలోగా తీసేయాలో మాత్రం ఉంది.

ఎరువుల కొట్టువాళ్ళు మిగిలిన కేలండర్లు తెచ్చి ఇచ్చేశారు. లారీ ఓనరు పెయింటరు చేత కమలం పువ్వు వేయించుకున్నాడు. పళ్ళ డాక్టరు క్షమాపణ రాసిచ్చి, అమ్మమ్మకి ఉచితంగా వైద్యం చేస్తానన్నారు. ఆమె వెళ్ళింది కూడా. మిగిలిన ఆ ఒక్క ఎత్తుపన్ను ముట్టుకోవద్దని చెప్పి, మిగతావి కట్టించుకుంది. పొడివాళ్ళకి అడ్రసే లేదు, ఫోన్ నంబరు ఒక్కటే ఉంది. ప్రింటింగ్ ప్రెస్ ద్వారా పట్టుకుని, 1954 చట్టం ప్రస్తావించి లాయరు నోటీసు పంపితే వారంలో కరపత్రం మాయమైంది. మధ్యవర్తి దగ్గరకి ఆమె తండ్రి ఒక్కడే వెళ్ళాడు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు. ఫొటో మాత్రం తెచ్చేశాడు.

ఈ కేసులో అసభ్యమైన మార్ఫింగ్ జరగలేదు. జరిగితే ఉత్తరాలతో కాలయాపన చేయొద్దు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళల ఫిర్యాదులకి విడిగా విభాగం ఉంది, పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చు. స్క్రీన్‌షాట్లు దాచుకుని ఆ రోజే చేయాలి.

తర్వాత ఇద్దరం కూర్చుని ఒక్క పేజీ ఒప్పంద పత్రం తయారుచేశాం. ఆమె నోటు పుస్తకంలో "వేస్తాను, వెయ్యను" పేజీనే దానికి పునాది. ఏ షాపుకి, ఏ వస్తువుకి, ఎక్కడెక్కడ, ఎన్నాళ్ళు, ఎంతకి. రంగు మార్చరాదు, పన్ను మార్చరాదు, తిప్పరాదు. పని అయ్యాక డిజైనర్ దగ్గర ఫైళ్ళు ఉండరాదు. నేను కూడా ఎంచినవన్నీ ఇవ్వడం మానేశాను. అడిగినన్నే ఇస్తున్నాను, మూలలో చిన్నగా నంబరు వేసి.

పత్రం చూసి రెండు షాపులు వెనక్కి తగ్గాయి. ఆమెకి టెన్షన్ పట్టుకుంది, "ఇంత పొగరేంటి అనుకుంటున్నారేమో అక్కా" అంది. మూడో షాపు సంతకం పెట్టింది. ఇప్పుడు ఆమె రోజుకి 8,000 తీసుకుంటుంది, సీజన్ దాటితే మళ్ళీ డబ్బు. ఫ్లెక్సీ మీద ఆమె చామనఛాయలోనే ఉంటుంది. ఈ మధ్య అదే బడ్డీ కొట్టాయన పైకి చూసి, ఆమెను చూసి, "మీరేనా!" అన్నాడట. ఆ రోజు ఆమె గొంతులో ఉన్న సంతోషం నేను ఇంకెప్పుడూ వినలేదు.

వంకాయ తోట

2018లో నెల్లూరు జిల్లాలో ఒక రైతు పంటకి దిష్టి తగలకుండా సన్నీ లియోన్ ఫ్లెక్సీ పొలంలో పెట్టాడని పేపర్లలో వచ్చింది. ఆ సంగతి ఎవరు చెప్పారో గానీ, ఆమె ఊళ్ళో ఒక వంకాయ రైతుకి తెలిసింది. కిందటి సంక్రాంతికి ముందు ఆయన వాళ్ళింటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, కాస్త మొహమాటంగా అడిగాడు. రోడ్డు పక్క తోట, పోయేవాళ్ళందరి కళ్ళూ కాయల మీదే పడుతున్నాయి. సన్నీ లియోన్ ఎవరో తనకి తెలియదు, మన ఊరి పిల్లే ఉండగా బయటివాళ్ళెందుకు, ఒక ఫ్లెక్సీ పెట్టుకుంటానమ్మా అని.

ఆమె నాకు ఫోన్ చేసి, ఇలాంటిదానికి ఏం రాయాలి అక్కా అని అడిగింది. మిగతావాటికి ఏం రాస్తావో అదే రాయి అన్నాను. లోపలికి వెళ్ళి పత్రం తెచ్చి, ఆయనకి గట్టిగా చదివి వినిపించింది. వస్తువు: వంకాయలు. చోటు: రోడ్డు పక్క తోట ఒక్కటే. కాలం: ఈ పంట అయ్యేదాకా. రుసుము: వారానికి ఒక గంప. ఆయన తల ఊపుతూ విని, చివర ఇంగ్లీషులో సంతకం పెట్టాడు.

గోడకి ఆనుకుని కూర్చున్న అమ్మమ్మ అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. కాగితం మడిచే ముందు చెయ్యి చాపి ఆపింది. "పైట ఎడమేపని రాసినావా?" అంది. రాయలేదు. మళ్ళీ పెన్ను తీసి రాసింది.